నాన్నకి జిల్లా గ్రంథాలయ సంస్థలో సభ్యుడి పదవి ఇస్తారట, ఒప్పుకోమనాలా వద్దనాలా?

పండితుడి_కొడుకు
నాన్న తెలుగు పండితుడిగా చేసి రిటైరై తొమ్మిదేళ్లయింది. మొన్న ఎమ్మెల్యే గారి దగ్గర తిరిగే అబ్బాయి ఒకడు ఇంటికొచ్చాడు. "మాస్టారూ, జిల్లా గ్రంథాలయ సంస్థకి కొత్త పాలకవర్గం వేస్తున్నారు. సభ్యుల్లో చదువుకున్నాయన ఒకరుంటే బాగుంటుందని సార్ అన్నారు. మీ పేరు ఇమ్మంటారా?" అని అడిగాడు. నాన్న దగ్గర పదో తరగతి చదివినవాడే. తెలుగులో తప్పాడు, అది వేరే సంగతి.

రెండు రోజుల్నుంచి నాన్న హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. అమ్మ వద్దంటోంది. మా జిల్లాలో ఈ పదవి అంటే నాకు తెలిసింది ఇంతే: ప్రమాణ స్వీకారం రోజు సెంటర్లో ఫ్లెక్సీ, నవంబర్లో వారోత్సవాలకి స్టేజీ మీద కుర్చీ. పాత చైర్మన్‌ని లైబ్రరీలో ఒక్కసారీ చూడలేదు. ఫ్లెక్సీలో మాత్రం రెండేళ్లు రోజూ చూశాను.

అసలు సభ్యుడు చేసే పనేంటి? ఏమైనా చేయగలడా? దగ్గర్నుంచి చూసినవాళ్లుంటే చెప్పండి. జిల్లా పేరు చెప్పను, అడగొద్దు.

మిరపబజ్జీ
చైర్మన్‌కి శాలువా కప్పుతున్నప్పుడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలి. ఫొటోలో సగం మొహం పడుతుంది. అదే పని.

చెదపురుగు
ఆ ఫ్లెక్సీ మీద "గ్రంధాలయ సంస్థ" అని ఉండి ఉంటుంది. థ కాదు, ధ. పందెం.

పండితుడి_కొడుకు
@చెదపురుగు గెలిచావు. అది చూడాల్సొస్తుందని నాన్న పాలప్యాకెట్టుకి వేరే వీధిలోంచి వెళ్లేవారు. ఫ్లెక్సీ చిరిగిపోయాకే పాత దారికొచ్చారు.

గ్రేడ్3_రిటైర్డ్
శాఖా గ్రంథాలయాల్లో ముప్పై ఏళ్ల పైన చేశాను. ఆరుగురు చైర్మన్లని చూశాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మనకున్న చట్టం 1960 నాటిది. అంతకు ముందు ఆంధ్ర వైపు 1948 మద్రాసు చట్టం, తెలంగాణ వైపు 1955 హైదరాబాదు చట్టం ఉండేవి. రెండూ కలిపి ఒకటి చేశారు. రాష్ట్రం విడిపోయాక కూడా రెండు చోట్లా దాని వారసత్వమే నడుస్తోంది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ. చైర్మన్‌నీ, అనధికార సభ్యుల్నీ ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. డీఈఓ లాంటి జిల్లా అధికారులు హోదా రీత్యా ఉంటారు. కార్యదర్శి మాత్రం మా శాఖ మనిషే. అంటే ఫైలు రాసేది ఉద్యోగి, తీర్మానం చేసేది పాలకవర్గం.

ఆ తీర్మానాల్లో ఏముంటుందో తెలిస్తే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. బడ్జెట్, ఏ ఊళ్లో శాఖ తెరవాలి, ఏ పేపర్లు తెప్పించాలి, పుస్తకాల కొనుగోలు, అద్దె భవనాల సంగతి, కారే పైకప్పుకి మరమ్మతు. బడ్జెట్‌కి పైన గ్రంథాలయ శాఖ సంచాలకుల ఆమోదం కావాలి. కాని మొదట ఇక్కడ కాగితం కదలాలి కదా.

పాలకవర్గం లేని రోజులూ చూశాను. అప్పుడు జాయింట్ కలెక్టర్ గారే పర్సన్ ఇన్‌ఛార్జి. ఆయన మంచివాడే. మా ఫైలు మాత్రం ఆయన బల్ల మీద ధాన్యం కొనుగోలు ఫైళ్ల కింద ఉండేది. ఫ్యాను బాగు చేయించడానికి ఎండాకాలంలో రాస్తే వానాకాలంలో సంతకమయ్యేది.

ఒక సభ్యుడి గురించి చెప్తాను. బట్టల కొట్టు ఆయన. పేపర్ తప్ప ఏమీ చదివిన మనిషి కాదు. నెలకోసారి చెప్పకుండా వచ్చేవాడు. బెంచీ మీద కూర్చుని కాసేపు పేపర్ చూసేవాడు, వెనక్కి వెళ్లి మరుగుదొడ్డి చూసేవాడు, వెళ్లిపోయేవాడు. తర్వాత మీటింగులో అదే అడిగేవాడు. నేనున్న మూడు శాఖల్లో ఆడపిల్లలకి మరుగుదొడ్డి కట్టింది ఆయన పుణ్యమే. అదే పాలకవర్గంలో ఒక కవి గారు కూడా ఉన్నారు. ఆయన అన్ని మీటింగుల్లో కలిపి ఒక్కటే అడిగారు: "నా సంపుటి ప్రతి శాఖకీ వెళ్లిందా?"

కవిగారి_అబ్బాయి
కవుల మీద పడకండి సార్. మా నాన్నగారు పీఎఫ్ డబ్బులతో 500 కాపీలు వేశారు. లైబ్రరీలు కొంటాయన్న ఆశతోనే. ఒక జిల్లాకి 100 కాపీలు పంపితే బిల్లు రావడానికి నాలుగేళ్లు పట్టింది. మిగతా కాపీలు ఇంట్లోనే అటక మీద ఉన్నాయి. దసరాకి దులుపుతాం.

చెదపురుగు
అడ్రసు పెట్టండి, మావాళ్లని పంపిస్తా.

కవిగారి_అబ్బాయి
😐

లెక్కల_మనిషి
గ్రేడ్3 గారు అన్నీ చెప్పి డబ్బు సంగతి వదిలేశారు. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక గడి ఉంటుంది. రూపాయికి 8 పైసలు. మాకు ఇంటి పన్ను 2,400, సెస్సు 192. ఎప్పుడూ లైబ్రరీ గడప తొక్కనివాడూ కడుతున్నాడు. మున్సిపాలిటీ ఏడాదికి కోటి రూపాయల ఇంటి పన్ను వసూలు చేస్తే దాంతోపాటు వచ్చే ఎనిమిది లక్షలు లైబ్రరీవి.

వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. జమ చేయాల్సింది గ్రంథాలయ సంస్థకి. ఆ రెండింటి మధ్యే మొత్తం కథ. వచ్చిన డబ్బు వీధి లైట్లకీ, పారిశుద్ధ్యం జీతాలకీ వాడేసుకుని "తర్వాత సర్దుతాం" అంటారు. బకాయిలు కోట్లలో పేరుకుపోయాయని ఏటా పేపర్లో వస్తుంది, మనం చదివి పేజీ తిప్పేస్తాం.

పండితుడి_కొడుకు గారూ, మీ నాన్నగారు ఒప్పుకుంటే మొదటి మీటింగులో అడగాల్సింది ఒకటే: డీసీబీ స్టేట్‌మెంట్. ఏ మున్సిపాలిటీ, ఏ పంచాయతీ ఎంత కట్టాలి, ఎంత కట్టింది, ఎంత మిగిలింది. అది బల్ల మీదికొస్తే అక్కడున్న సగం మంది మొహాలు మారిపోతాయి.

మిరపబజ్జీ
మొహాలు ఎందుకు మారతాయి? అక్కడున్న చైర్మన్ గారి పార్టీ వాడే మున్సిపల్ చైర్మన్ కూడా. వాడి దగ్గర బాకీ వీడు వసూలు చేస్తాడా? అన్నదమ్ములు అప్పుపత్రం రాసుకున్నట్టు.

లెక్కల_మనిషి
అదే కదా నేననేది. అందుకే పార్టీ సంబంధం లేని మాస్టారు అడగాలి.

మిరపబజ్జీ
పార్టీ సంబంధం లేనివాడికి పదవి ఎలా వచ్చిందండీ?

పండితుడి_కొడుకు
నాన్నకి ఏ పార్టీ లేదు. ఎమ్మెల్యే గారి అబ్బాయి పెళ్లి శుభలేఖ చూసిచ్చారు, అంతే. పదకొండు తప్పులు దిద్దారు. దాని ఫలమే ఇది అనుకుంటున్నాం.

ఓరుగల్లు_పిల్ల
గ్రూప్-2 కి రెండేండ్ల నుంచి లైబ్రరీలోనే చదువుతున్న. మా చైర్మన్ ఎవరో నాకు తెల్వదు, తెలుసుకోవాలని కూడా లేదు. నాకు కావల్సింది కుర్చీ. పొద్దున ఏడున్నరకి పోతే దొరుకుతది, ఎనిమిది దాటితే మెట్ల మీదనే. ఇంటి నుంచి దిండు తెచ్చుకునేటోళ్లున్నరు.

ఇంకొకటి. శుక్రవారం సెలవు ఎందుకు? పరీక్షలకి శుక్రవారం ఏం పాపం చేసింది?

అశోక్‌నగర్_బెంచీ
చెల్లె, ఒకసారి హైదరాబాద్‌ల చిక్కడపల్లి లైబ్రరీకి రా. గేటు తెరవక ముందే వరస చూస్తే మీ మెట్లు నయమంటవ్. నేను అక్కడ మూడు నోటిఫికేషన్లు చూసిన. పెండ్లి సంబంధాలు కూడా ఆ చెట్టు కిందనే కుదిరినయ్.

పాతపేజీ
ఎవరూ ఏమీ అనుకోవద్దు. లైబ్రరీలు ఇప్పుడు ఉచిత స్టడీ హాళ్లయిపోయాయి. మా ఊళ్లో కథల పుస్తకాల బీరువాలకి తాళం వేసి దాని ముందు బల్లలు వేశారు. ఎనభై ఏళ్ల పెద్దాయన నవల కావాలంటే నలుగురు కుర్రాళ్లు లేవాలి. వాళ్లు లేవరు. ఆయన అడగడం మానేశాడు. పాలకవర్గం ఆలోచించాల్సింది దీని గురించి. కుర్చీలు పెంచుకుంటూ పోతే పుస్తకాలు ఎక్కడ పెడతారు?

ఓరుగల్లు_పిల్ల
@పాతపేజీ మేం లెవ్వం అని ఎవరు చెప్పిన్రు? అడిగితే లేస్తం. కానీ కోచింగ్‌కి పైసలున్నోడు మెట్ల మీద ఎందుకు కూసుంటడు? ఆ కథల పుస్తకాలు ఎవరూ ముట్టక దుమ్ము పట్టినయి కాబట్టే బల్లలు పడ్డయి.

పాతపేజీ
తాళం వేస్తే ఎవరు ముడతారమ్మా.

ఓరుగల్లు_పిల్ల
అది మాత్రం నిజమే. తాళం తీయాలి. దాని ముందట బల్ల కూడా ఉండాలి. రెండూ అయితయ్, రూము పెద్దగ ఉంటే.

గ్రేడ్3_రిటైర్డ్
తాళం సంగతి నేను చెప్పాలి. పుస్తకం పోతే లైబ్రేరియన్ జీతంలోంచి కోస్తారేమోనన్న భయం మాకు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఉంటుంది. ఒక్కడే మనిషి, తలుపు తీయాలి, పేపర్లు పరవాలి, ఊడ్చే మనిషి రాకపోతే ఊడవాలి. బీరువా తెరిచి పెడితే కాపలా ఎవరు? "చిరిగినవీ, పోయినవీ ఏటా ఇన్ని దాకా రద్దు రాయొచ్చు" అని పాలకవర్గం ధైర్యంగా ఒక తీర్మానం చేస్తే సగం తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి. ఈ మాట ఏ చైర్మన్‌కి చెప్పినా "చూద్దాం" అన్నాడు.

చికాగో_చలి
మాది ఇల్లినాయిస్. ఇక్కడ మా ఊరి లైబ్రరీ ఒక డిస్ట్రిక్ట్. దానికి ఏడుగురు ట్రస్టీలు. ఓట్లతో గెలవాలి, జీతం పైసా లేదు. ఇంటి పన్ను బిల్లులో లైబ్రరీకి వేరే లైను ఉంటుంది, అది నేరుగా లైబ్రరీకే వెళ్తుంది, ఊరి కౌన్సిలు దాని మీద చెయ్యి వేయలేదు. మీటింగు ఎజెండా 48 గంటల ముందు బయట అతికించాలి, అది చట్టం. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు.

నేనూ వెళ్లాను, తెలుగు పుస్తకాలు పెట్టమని అడగడానికి. మూడు నిమిషాలు ఇచ్చారు. నేను రెండు నిమిషాలు మన భాష ప్రాచీనత గురించి చెప్పి, చివరి నిమిషంలో అసలు విషయానికొచ్చా. "ఈ ఊళ్లో ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయి, ఎంతమంది పిల్లలు చదవగలరు" అని ఒకావిడ అడిగింది. నా దగ్గర లెక్క లేదు. ఇంటికొచ్చి వాట్సాప్ గ్రూపులో అడిగితే 140 మంది ఉన్న గ్రూపులో జవాబిచ్చింది ఆరుగురు. తర్వాత నెల మళ్లీ వెళ్లా. ఇప్పుడొక అర ఉంది, పిల్లల బొమ్మల పుస్తకాలు. మా ఆవిడే ఎక్కువగా తెచ్చుకుంటుంది.

మిరపబజ్జీ
అమెరికాలో అంతా బంగారమే. ఇక్కడికొచ్చి చెప్పకపోతే నిద్ర పట్టదు మీకు.

చికాగో_చలి
బంగారం ఏం కాదు. ఏప్రిల్‌లో జరిగే ఆ ఎన్నికలకి ఓటేసేవాళ్లు చాలా తక్కువ. కొద్దిమంది గట్టిగా అనుకుంటే బోర్డు మొత్తం మార్చేయొచ్చు. కొన్ని చోట్ల ఫలానా పుస్తకం తీసేయండని బోర్డు మీటింగుల్లో కేకలు. ఆ గొడవ ఎంత ముదిరిందంటే ఇల్లినాయిస్‌లో 2023లో చట్టమే చేశారు, నచ్చలేదని పుస్తకాలు తీసేసే లైబ్రరీలకి రాష్ట్రం గ్రాంటు ఉండదని. మన దగ్గర పుస్తకం తీసేయమని ఎవరూ గొడవ చేయరు కదా.

చెదపురుగు
మన దగ్గర ఆ డిపార్ట్‌మెంట్ మాది.

కొచ్చిలో_కోనసీమ
మధ్యలో కేరళ కూడా ఉందండీ, అమెరికా దాకా పోనక్కర్లేదు. పదకొండేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. మా వీధి చివర వాయనశాల ఉంది, అంటే చదువుకునే లైబ్రరీ. దానికి సభ్యులున్నారు, సభ్యులు కమిటీని ఎన్నుకుంటారు. ఆ లైబ్రరీలన్నీ కలిసి తాలూకా యూనియన్, దాని మీద జిల్లా కౌన్సిల్, పైన రాష్ట్ర లైబ్రరీ కౌన్సిల్. 1989 చట్టం. కింద నుంచి పైకి ఎన్నికలే. భవనాల పన్ను మీద 5 శాతం సెస్సు. ఆ వాయనశాలలోనే క్యారమ్స్, ఓనం పోటీలు, రాత్రి పూట రాజకీయాల మీద వాదనలు. కమిటీ సెక్రటరీ ఆటో నడుపుతాడు. నాకు మలయాళం అక్షరాలు నేర్పింది అతనే.

ఇక్కడా పార్టీలే ప్యానెళ్లు పెట్టుకుని పోటీ చేస్తాయి, రాజకీయం లేదని అబద్ధం చెప్పను. కాని ఓడిపోతామన్న భయం ఉంది. మన చైర్మన్‌కి ఉన్న భయమల్లా ప్రభుత్వం మారుతుందేమోనని. జనం గురించి కాదు.

అయ్యంకి_అభిమాని
కేరళని చూసి నోరు తెరుస్తున్నారు గాని ఇది మనం మొదలుపెట్టిన పనే. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో సభ పెట్టి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పాటు చేశారు. అధ్యక్షత చిలకమర్తి. వెనకుండి నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య, అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా లేవు. దేశంలో అలాంటి రాష్ట్ర స్థాయి సంఘం అదే మొదటిది. హైదరాబాదులో అంతకు ముందే 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. నిజాం ఏలుబడిలో తెలుగు చదువుకోవడానికి ఒక గది ఉండాలని జనం చందాలేసుకుని పెట్టింది. @ఓరుగల్లు_పిల్ల, మీ హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904ది, ఎప్పుడైనా లోపలికెళ్లి చూడు.

వీటి వేటికీ జీవో రాలేదు. ఊళ్లో నలుగురు కూర్చుని కార్యవర్గం వేసుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలవ మీద పడవలో పుస్తకాలు వేసి పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా ఊరూరా ఇచ్చి వచ్చే ఏర్పాటు చేశారు. తర్వాత చట్టం వచ్చింది, డబ్బు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి. మంచిదే. కాని కార్యవర్గం వేసుకునే హక్కు ఊరి చేతిలోంచి సచివాలయానికి పోయింది. ఆ పడవ లైబ్రరీని ఇప్పుడు పెట్టాలంటే టెండరు పిలవాలి.

మిరపబజ్జీ
పడవ లైబ్రరీకి చైర్మన్ ఎవరు? సరంగా?

అయ్యంకి_అభిమాని
సరంగైతే కనీసం పడవలో ఉండేవాడు.

చీరాల_మగ్గం
జనం నడిపేవి ఇంకా ఉన్నాయండీ. మా పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం. 1918లో పెట్టారు, 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పీహెచ్‌డీ వాళ్లు వచ్చి మా ఊరి హోటల్లో గది తీసుకుని ఉంటారు. కాని జనం నడిపితే అంతా బాగుంటుందని అనుకోకండి. ఇచ్చే చేతులు తగ్గుతున్నాయి. పాత కుటుంబాల పిల్లలు ఊరొదిలారు. సెస్సు డబ్బు ఇలాంటి వాటికి నేరుగా రాదు. ఏదో ఒక గట్టున ఉండి రెండో గట్టు పచ్చగా ఉందనుకోవడమే.

లా_పాయింట్
చరిత్ర బాగుంది. అడిగిన ప్రశ్నకొస్తే, సభ్యుడు ఒంటరిగా ఏ ఆర్డరూ ఇవ్వలేడు. ముగ్గురు లైబ్రేరియన్ల మీద అరిచి సస్పెండ్ చేస్తానన్న సభ్యుణ్ణి చూశాను, నవ్వులపాలయ్యాడు. చేయగలిగింది ఏంటంటే, తనకి కావాల్సిన విషయం ఎజెండాలో పెట్టమని ముందే రాతపూర్వకంగా ఇవ్వడం. నోటిమాట వద్దు. ఒప్పుకోని తీర్మానం మీద తన అభ్యంతరం మినిట్స్‌లో రాయించడం. చదవకుండా సంతకం పెట్టకపోవడం. మూడోదే కష్టం, ఎందుకంటే మినిట్స్ పుస్తకం సరిగ్గా స్వీట్ ప్లేటుతో కలిపి వస్తుంది.

సభ్యుడు కాని మనలాంటివాళ్లకి సమాచార హక్కు చట్టం ఉంది. పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10. మీ పంచాయతీ లైబ్రరీ సెస్సు ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసిందని అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. ఎంతమంది అడిగారు ఇప్పటిదాకా?

మిరపబజ్జీ
(గడియారం టిక్ టిక్)

పండితుడి_కొడుకు
ఇవన్నీ నాన్నకి చదివి వినిపించా. బట్టల కొట్టు ఆయన దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. అమ్మ ఒక్క మాటే అంది: "మీరు ముప్పైనాలుగేళ్లు పిల్లల మీద అరిచారు, ఇప్పుడు పెద్దవాళ్ల మీద అరిస్తే బీపీ పెరుగుతుంది." నాన్న ఒప్పుకునేలా ఉన్నారు. ఒక షరతు పెట్టారట, తన పేరు మీద ఫ్లెక్సీ వేయకూడదని. వేస్తే ముందు తనకి చూపించాలని.

పాతపేజీ
రెండో షరతే అసలు షరతు.

పండితుడి_కొడుకు
రెండు నెలల తర్వాత వస్తున్నా. జీవో వచ్చింది, నాన్న సభ్యుడు. ఫ్లెక్సీ వేశారు, చూపించలేదు. "గ్రంధాలయ". నాన్న ప్రమాణ స్వీకారానికి వెళ్తూ ఆటో ఆపించి ఫ్లెక్సీ కట్టిన కుర్రాణ్ణి పిలిచి నిచ్చెన ఎక్కించారు. చాక్‌పీసు అంటలేదు. చివరికి పెళ్లి వీడియోలవాడి దగ్గర నల్ల టేపు ముక్క తీసుకుని ధ లోపల చుక్క పెట్టించి థ చేయించారు. పది నిమిషాలు లేటుగా వెళ్లారు, ఆయన వెళ్లేసరికి శాలువాలు అయిపోయాయి.

చెదపురుగు
మీ నాన్నగారికి నా ప్రాణమైనా ఇస్తా.

లెక్కల_మనిషి
మీటింగు అయిందా? డీసీబీ అడిగారా?

పండితుడి_కొడుకు
మొన్ననే అయింది. నాన్న చెప్పింది చెప్పినట్టు రాస్తా.

ఎజెండాలో నాలుగు విషయాలు. చైర్మన్ గదికి ఏసీ, చైర్మన్ గారికి అద్దె కారు, వారోత్సవాల ఏర్పాట్లు, "చైర్మన్ గారి అనుమతితో ఇతర విషయాలు". నాన్న పదిహేను రోజుల ముందే కాగితం ఇచ్చారు, రసీదు కూడా తీసుకున్నారు (లా_పాయింట్ గారికి దణ్ణం). కాని ఎజెండాలో అది లేదు. అడిగితే చైర్మన్ నవ్వి, "మాస్టారూ, మొదటి రోజే లెక్కలా? మీరు తెలుగు కదా" అన్నారట. అందరూ నవ్వారట. నాన్న కూడా నవ్వి, రసీదు బల్ల మీద పెట్టారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "సరే, తర్వాత మీటింగులో పెట్టండి" అన్నారు చైర్మన్. నాన్న ఆ మాట మినిట్స్‌లో రాసేదాకా స్వీట్ ముట్టుకోలేదు. షుగరుంది, ఎలాగూ తినరు.

బయటికొచ్చాక కార్యదర్శి గారు వెనకాలే వచ్చి, చెప్పులేసుకుంటున్న నాన్న చేతిలో ఒక కవరు పెట్టారు. డీసీబీ. ఏడేళ్లది, మున్సిపాలిటీల వారీగా, పంచాయతీల వారీగా, నీటుగా టైపు చేసి ఉంది. "ఎవరైనా అడుగుతారేమోనని ప్రతి ఏడూ తయారు చేసి పెడుతున్నానండీ" అన్నారట. నాన్న ఇంటికొచ్చి అన్నం తినకుండా అదే చూస్తూ కూర్చున్నారు.

గ్రేడ్3_రిటైర్డ్
ఆ కార్యదర్శి ఎవరో నాకు తెలియదు. కాని ఆ కవరు నాకు తెలుసు. అలాంటిది ప్రతి జిల్లా కేంద్రంలో ఎవరో ఒకరి సొరుగులో ఉంటుంది.

మిరపబజ్జీ
సరే, కవరు వచ్చింది. డబ్బు వచ్చిందా?

పండితుడి_కొడుకు
మూడు నెలలు ఆగి చెప్తున్నా. చాలా వరకు రాలేదు. పెద్ద మున్సిపాలిటీ వాళ్లు "పరిశీలిస్తాం" అని ఉత్తరం రాశారు. కాని ఒక మేజర్ పంచాయతీకి నాన్న స్వయంగా వెళ్లారు, మూడు సార్లు. ఆ పంచాయతీ కార్యదర్శి కొత్తగా వచ్చిన అమ్మాయి. అసలు ఆ డబ్బు వేరే కట్టాలని తనకి ఎవరూ చెప్పలేదంది. నాలుగో వారం 38 వేలకి చెక్కు పంపింది. మా శాఖా గ్రంథాలయంలో పేపర్ల బిల్లు ఎనిమిది నెలలుగా ఆగి ఉంది, ఏజెంటు రెండు పేపర్లు వేయడం మానేశాడు. ఆ చెక్కు డబ్బు శాఖ దాకా రావడానికి ఇంకో నెల పట్టింది గాని, ఇప్పుడు అన్నీ వస్తున్నాయి.

ఏసీ, కారు మాత్రం మొదటి మీటింగులోనే పాసయ్యాయి. నాన్న ఏసీకి అభ్యంతరం రాయించారు. కారుకి రాయించలేదు, "తిరగనీ, కనీసం శాఖలు చూస్తాడేమో" అన్నారు.

లెక్కల_మనిషి
38 వేలు. నవ్వకండి ఎవరూ. ఎనిమిది నెలల పేపర్లు.

ఓరుగల్లు_పిల్ల
అంకుల్‌కి చెప్పండి, వచ్చే మీటింగుల కుర్చీల ముచ్చట పెట్టమని. ఏ జిల్లా అయినా పర్వాలేదు, ఎక్కడో ఒక కాడ మొదలైతే చాలు. మా పంచాయతీల నేను కూడా దరఖాస్తు పెట్టిన సెస్సు గురించి. పైసా ఫీజు లేదని తెల్వదు నాకు, పది రూపాయల స్టాంపు అతికిచ్చిన.

లా_పాయింట్
జవాబొస్తే ఇక్కడ పెట్టు. రాకపోతే అప్పీలు ఎలా రాయాలో చెప్తా.

పాతపేజీ
బీరువాల తాళం సంగతి?

పండితుడి_కొడుకు
రద్దు తీర్మానం గురించి నాన్న కాగితం ఇచ్చారు, ఈసారి ఎజెండాలో మూడో విషయంగా పెట్టారు. చూడాలి.

ఇంకొకటి చెప్పడం మర్చిపోయా. మా శాఖ బోర్డుకి కొత్త పెయింటు వేయించారు. నాన్న దగ్గరుండి "గ్రంథాలయము" రాయించారు, థ కి చుక్క పెట్టేటప్పుడు నిచ్చెన కూడా తనే పట్టుకున్నారు. రాసేవాడు ఎండకి అలిసిపోయాడని టీ తాగించడానికి హోటలుకి వెళ్లారట. తిరిగొచ్చేసరికి వాడి తమ్ముడు కింద లైను పూర్తి చేసేశాడు.

"సెలవు: శుక్రవరం".

చెదపురుగు
నల్ల టేపు ఇంకా ఉందా?